తీర్పు రాసేవాడు పాఠం చెబితే

నీతిశాస్త్రం చెప్పే మాస్టారు తన మతాన్ని గుమ్మం బయట వదిలేసి క్లాసులోకి రావాలని మా స్టాఫ్‌రూములో చాలామంది నమ్ముతారు. మత చట్టాల విషయంలో ఈ పట్టింపు ఇంకా ఎక్కువ. లా కాలేజీల్లో హిందూ లా, ముస్లిం లా పేపర్లు మేమూ చెబుతాం. చెప్పేవాళ్లలో పురోహితులు ఉండరు, ముఫ్తీలు ఉండరు. సెక్షన్లు, కేసులు, నోట్స్, పరీక్ష, అంతటితో సరి. ఈ పద్ధతికి అలవాటుపడ్డవాళ్లకి, ఒక రబ్బీ, అంటే యూదుల మతగురువు, యాభై ఏళ్లపాటు విశ్వవిద్యాలయంలో యూదు ధర్మశాస్త్రాన్నీ నీతిశాస్త్రాన్నీ బోధించారని చెబితే వెంటనే అడిగే మాట ఒకటే. "అది పాఠమా, ప్రచారమా?"

నేను జ్యూరిస్ప్రుడెన్స్, అంటే న్యాయతత్వశాస్త్రం చెబుతాను. ఈ ప్రశ్న మీద తోటి లెక్చరర్లతో చాలాసార్లు వాదించాను, గొంతు పెంచి కూడా వాదించాను. ఎదురుగా కూర్చున్న మనిషికి "ఇలా చెయ్యి" అని చెప్పి, కింద సంతకం పెట్టాల్సిన బాధ్యత ఉన్నవాళ్లు చెప్పే నీతి పాఠం వేరుగా ఉంటుంది. ఆ బాధ్యత లేనివాళ్ల పాఠానికి ఆ బరువు రాదు. దీనికి నేను పెట్టే షరతు ఒక్కటే. తమ తీర్పుకు ఎదురు నిలిచిన వాదాన్ని కూడా అదే క్లాసులో, అంతే బలంగా చెప్పగలగాలి. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా కుదురుతాయో నేను చూసింది ఇలియట్ డార్ఫ్ అనే రబ్బీ జీవితంలో.

డార్ఫ్ 1943లో అమెరికాలోని మిల్వాకీలో పుట్టారు. న్యూయార్క్‌లో బ్రాడ్‌వే రోడ్డు మీద జ్యూయిష్ థియొలాజికల్ సెమినరీ ఉంది. అక్కణ్ణుంచి కొద్ది వీధులు దక్షిణంగా నడిస్తే కొలంబియా విశ్వవిద్యాలయం. సెమినరీలో 1970లో రబ్బీ పట్టా, కొలంబియాలో 1971లో నీతి సిద్ధాంతం మీద పీహెచ్‌డీ తీసుకున్నారు. అదే ఏడాది లాస్ ఏంజెలెస్ వెళ్లి యూనివర్సిటీ ఆఫ్ జూడాయిజంలో చేరారు. 2007లో ఆ సంస్థ అమెరికన్ జ్యూయిష్ యూనివర్సిటీగా మారింది. పేరు మారినా ఆయన అక్కడే ఉన్నారు. రబ్బీలు కాబోయే విద్యార్థులకి అక్కడ పాఠం చెప్పారు. ఊళ్లోనే ఉన్న యూసీఎల్ఏ లా స్కూల్లో, ఏ మతానికీ చెందని మామూలు లా కోర్సులో కూర్చునే పిల్లలకి యూదు చట్టం మీద ఒక కోర్సు దశాబ్దాల తరబడి నడిపారు.

ఆ రెండో క్లాసులో ఏముంటుందని మనవాళ్లు అడగొచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. నిందితుడు నేరం తానే ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు మీద శిక్ష వేయడానికి వీల్లేదన్నది యూదు చట్టంలో పాత సూత్రం. బతుకు మీద విరక్తి పుట్టి, చావాలనిపించి చేయని నేరం ఒప్పుకుంటున్నాడేమో అని 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడీస్ దీనికి కారణం ఊహించాడు. 1966లో అమెరికా సుప్రీంకోర్టు మిరాండా కేసులో పోలీసు కస్టడీలో మౌనంగా ఉండే హక్కు గురించి తీర్పు ఇస్తూ, ఒక ఫుట్‌నోట్‌లో మైమోనిడీస్‌ను ప్రస్తావించింది. నిందితుణ్ణి తనకి వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదనే మన రాజ్యాంగం 20(3) అధికరణం చెప్పేవాళ్లెవరికైనా ఇది ఆసక్తి కలిగించే సంగతే. అమెరికా చట్టం హక్కు దగ్గర మొదలవుతుంది, యూదు చట్టం బాధ్యత దగ్గర మొదలవుతుంది అని డార్ఫ్ తన రాతల్లో పదే పదే చెబుతారు. ఇలా రెండు చట్టాలను పక్కపక్కన పెట్టి చూసినప్పుడే విద్యార్థికి తను పుట్టి పెరిగిన చట్టం కూడా కొత్తగా కనిపిస్తుంది. ఇక్కడివరకు నా స్నేహితులకు పెద్ద అభ్యంతరం లేదు.

అభ్యంతరం మొదలయ్యేది ఆయన రెండో ఉద్యోగం దగ్గర. 1984 నుంచి డార్ఫ్, కన్జర్వేటివ్ యూదుల న్యాయ కమిటీలో సభ్యుడు. 2007 నుంచి చాలా ఏళ్లు దానికి అధ్యక్షుడు కూడా. అమెరికా యూదుల్లో సంప్రదాయాన్ని తు.చ. తప్పకుండా పాటించే ఆర్థొడాక్స్ వర్గానికీ, చట్టాన్ని వ్యక్తి ఇష్టానికి వదిలేసే రిఫార్మ్ వర్గానికీ మధ్య దారి ఈ కన్జర్వేటివ్ వర్గానిది. చట్టానికి కట్టుబడాలి, చట్టం మారుతుందని కూడా ఒప్పుకోవాలి. ఏదైనా చిక్కు ప్రశ్న వస్తే సభ్యులు మూల గ్రంథాల దగ్గర్నుంచి వాదించి రాతపూర్వకంగా తీర్పులు తయారు చేస్తారు. ఓటు హక్కు ఉన్నవాళ్లు ఇరవై ఐదు మంది. అందులో ఆరు ఓట్లు వస్తే చాలు, ఆ తీర్పు చెల్లుతుంది.

ఆరు ఓట్లే! అంటే ఒకే ప్రశ్న మీద రెండు విరుద్ధ తీర్పులు ఒకే రోజు చెల్లుబాటు కావచ్చు. ఏది పాటించాలో ఆయా ఊళ్లో ఉన్న రబ్బీ తేల్చుకుంటాడు. సుప్రీంకోర్టు చెప్పిందే దేశమంతటికీ చట్టం అనే 141వ అధికరణాన్ని బట్టీపట్టిన మనకి ఇది విడ్డూరంగా ఉంటుంది. కానీ ఇది మొన్న మొన్న అమెరికాలో కనిపెట్టిన ఏర్పాటు అనుకోవద్దు. సుమారు 1,800 ఏళ్ల నాటి యూదు ధర్మసంకలనం మిష్నాలోనే, ఓడిపోయిన పక్షం అభిప్రాయాన్ని ఎందుకు రాసి ఉంచాలి అన్న ప్రశ్న ఉంది. తర్వాత వచ్చే న్యాయసభకి ఆ ఒంటరి అభిప్రాయమే సరైనదని తోస్తే, దాన్ని ఆధారం చేసుకోడానికి వీలుగా, అని అక్కడే జవాబు కూడా ఉంది.

1990లో ఈ కమిటీ ముందుకి వచ్చిన ప్రశ్న ప్రతి ఇంటికీ ఏదో ఒకనాడు వచ్చేదే. ఇక కోలుకోరని డాక్టర్లు తేల్చిన మనిషికి ఎంతవరకు వైద్యం చేయాలి? ముక్కులోంచో పొట్టలోంచో గొట్టం వేసి ఆహారం పంపుతున్నారు. దాన్ని ఆపొచ్చా?

యూదు ధర్మశాస్త్రం ప్రాణానికి ఇచ్చే విలువ చాలా ఎక్కువ. ప్రాణాపాయం ఉందంటే పవిత్రమైన విశ్రాంతిదినం నియమాలను కూడా పక్కన పెట్టాల్సిందే. మరణశయ్య మీద ఉన్నవాణ్ణి కదిలించడం కూడా తప్పని, కొడిగట్టిన దీపాన్ని తాకితే ఆరిపోతుందని, మిష్నా మీద తర్వాతి పండితులు సాగించిన చర్చల గ్రంథం తాల్ముద్ హెచ్చరిస్తుంది. అయితే అదే సంప్రదాయంలో 16వ శతాబ్దంలో పోలండులోని క్రాకోవ్ నగరానికి చెందిన మోషే ఇస్సెర్లిస్ ఒక సూక్ష్మం రాశాడు. ప్రాణం పోవడానికి ఏదైనా అడ్డుపడుతోంటే ఆ అడ్డు తీసేయొచ్చు. ఆయన ఇచ్చిన ఉదాహరణలు రెండు. ఇంటి పక్కన ఎవరో కట్టెలు కొడుతున్నారు, ఆ చప్పుడుకి జీవుడు పోలేకపోతున్నాడు. ఆ చప్పుడు ఆపించొచ్చు. నాలుక మీద ఉప్పు ఉంది, దానివల్ల ప్రాణం నిలబడి ఉంది. ఆ ఉప్పు తీసేయొచ్చు.

ఇప్పుడు ఐసీయూలో నిలబడి అడగండి. ఆ గొట్టం కట్టెలు కొట్టే చప్పుడా, లేక అన్నమా?

డార్ఫ్ తన తీర్పులో రెండు పనులు చేశారు. మొదటిది, మరణశయ్య అన్న పాత కొలత ఆధునిక వైద్యానికి సరిపోదన్నారు. ఆ కొలత చివరి రెండు మూడు రోజులకే వర్తిస్తుంది. ఈ రోజుల్లో నయంకాని జబ్బుతో నెలల తరబడి గడుపుతారు. అందుకని తాల్ముద్‌లోనే ఉన్న ఇంకో వర్గాన్ని, ప్రాణాంతకమైన లోపంతో ఏడాదికి మించి బతకలేని మనిషి అన్న వర్గాన్ని, ఆయన ముందుకు తెచ్చారు. రెండోది, గొట్టంలో పంపే ద్రవాన్ని మందుగా లెక్కించాలన్నారు. నమలడం లేదు, మింగడం లేదు, రుచి లేదు. అది వైద్యమే, వైద్యాన్ని ఆపొచ్చు. అదే కమిటీలో అవ్రామ్ రైజ్నర్ అనే రబ్బీ దీన్ని ఒప్పుకోలేదు. ఆహారం, నీరు మనిషికి ఎప్పటికీ ఇవ్వాల్సినవేనని, గొట్టంలో పంపినా అవి అన్నమూ నీళ్లేనని ఆయన వాదన. కమిటీ రెండు తీర్పులనీ ఆమోదించింది.

నాకు ముఖ్యమైనది ఆ తర్వాత జరిగింది. రబ్బీ విద్యార్థులకి ఇదే విషయం పాఠంగా చెప్పేటప్పుడు డార్ఫ్ ముందు రైజ్నర్ తీర్పు కూడా ఉంటుంది. అది పాత కాలపు వాదం కాదు, ఈ రోజు అమల్లో ఉన్న తీర్పు. ఆ క్లాసులో కూర్చున్న పిల్లలు రేపు ఏదో ఊళ్లో రబ్బీలై, ఎవరి తల్లో ఆస్పత్రిలో ఉంటే అర్ధరాత్రి వచ్చే ఫోనుకి జవాబు చెప్పాలి. తమకు తోచిన ఒక్క జవాబునే నేర్పి పంపితే ఆ పిల్లలకీ అన్యాయం, ఆ తల్లికీ అన్యాయం.

మన దగ్గర ఈ ప్రశ్న రాలేదా? వచ్చింది. 2004లో హైదరాబాదులో కండరాల క్షీణత వ్యాధితో ఆస్పత్రిలో ఉన్న ఒక యువకుడు, తన అవయవాలు పనికొచ్చే స్థితిలో ఉండగానే తనను పోనివ్వమని కోరాడు. ఆయన తల్లి హైకోర్టు తలుపు తట్టింది. చట్టం ఒప్పుకోదని కోర్టు చెప్పింది. 2018లో సుప్రీంకోర్టు లివింగ్ విల్లుని, అంటే కోలుకోలేని స్థితి వస్తే తనకి ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే పత్రాన్ని గుర్తించింది. క్లాసులో ఈ కేసుల వరస చెబుతాం, మార్కులు వేస్తాం. ఆ అమ్మ మన ఎదురుగా కూర్చుని ఉంటే ఏం చెప్పేవాళ్లం అని మాత్రం మా సిలబస్ అడగదు. మేమూ అడగం. అడగకపోవడాన్ని నిష్పక్షపాతం అంటున్నాం. నాకది బాధ్యత తప్పించుకోవడంలాగే కనిపిస్తుంది.

తాల్ముద్ పుటని ఎప్పుడైనా చూశారా? నడిమధ్యలో మూలం, దానికి ఒక పక్క 11వ శతాబ్దపు ఫ్రాన్సు పండితుడు రాషీ వ్యాఖ్యానం, ఇంకో పక్క ఆ తర్వాతి తరాలవాళ్లు రాషీతో పెట్టుకున్న వాదం. పుటలో ఖాళీ ఉండదు. మూలం చదువుతున్న కన్ను పక్కకి జరిగితే చాలు, ఎవరో ఒకరు "అలా కాదేమో" అంటుంటారు. అందులో బావా మెత్సియా అనే భాగం 83వ పుటలో ఒక చిన్న కథ ఉంది. యూదు ధర్మశాస్త్రం, నీతి ఒకదానితో ఒకటి ఎలా ముడిపడ్డాయో చెప్పే ప్రతి కోర్సులోనూ వచ్చే కథ ఇది. నేను మా క్లాసులో చెప్పి చూశాను. మాది గుంటూరు వైపు కాబట్టి, హమాలీల కథ అంటే పిల్లలు వెంటనే తలలెత్తుతారు.

రబ్బా బర్ బర్ హనా అనే పండితుడు వైన్ పీపా మోయడానికి హమాలీలను పెట్టుకున్నాడు. వాళ్లు పీపా పగలగొట్టారు. నష్టం కింద ఆయన వాళ్ల పైబట్టలు లాక్కున్నాడు. వాళ్లు వెళ్లి రవ్ అనే పెద్ద న్యాయపండితుడితో మొర పెట్టుకున్నారు. "బట్టలు ఇచ్చెయ్" అన్నాడు రవ్. "చట్టం అదేనా?" "అదే. సజ్జనుల దారిలో నడవమని సామెతల గ్రంథంలో ఉంది." ఇచ్చేశాడు. హమాలీలు కదల్లేదు. "మేం పేదవాళ్లం. పొద్దుట్నుంచీ పనిచేశాం. ఆకలేస్తోంది, చేతిలో చిల్లిగవ్వ లేదు." రవ్ మళ్లీ రబ్బా వైపు తిరిగాడు. "వెళ్లు, వాళ్ల కూలి ఇచ్చెయ్." "చట్టం అదేనా?" "అదే. నీతిమంతుల బాట పట్టమని ఆ వాక్యంలోనే ఉంది."

మా క్లాసులో ఒక అబ్బాయి వెంటనే లేచి కాంట్రాక్టు చట్టం 151, 152 సెక్షన్లు ఎత్తుకున్నాడు. అప్పగించిన సరుకుని ఎంత జాగ్రత్తగా చూసుకోవాలో ఆ సెక్షన్లు చెబుతాయి. జాగ్రత్తగా మోశారా లేదా అన్నది తేలకుండా తీర్పు ఎలా ఇస్తాడు సార్ అన్నాడు. మంచి ప్రశ్న. ఇంకొకడు, మిర్చి యార్డులో టిక్కీ, అంటే మిర్చి బస్తా, జారి పడితే కూలిలో కోసేస్తారు సార్, అంతే అన్నాడు. వెనక బెంచీలో ఒక అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివర్లో అడిగింది. "రవ్ 'జాలి చూపించు' అని ఊరుకోవచ్చు కదా సార్? 'చట్టం అదే' అని ఎందుకన్నాడు?"

యూదు ధర్మశాస్త్ర అధ్యాపకులు తలలు బద్దలు కొట్టుకున్న ప్రశ్న సరిగ్గా ఇదే. చట్టం కోరేదానికి మించి చేయడం అనే మాట తాల్ముద్‌లో ఉంది. ఆ మించినది కూడా చట్టంలో భాగమేనా, లేక చట్టం బయట నీతి అనేది విడిగా ఉందా? అహరోన్ లిఖ్టెన్‌స్టైన్ అనే ఆర్థొడాక్స్ రబ్బీ ఈ ప్రశ్ననే 1975లో ఒక వ్యాసంగా రాస్తే దాన్ని ఇవాళ్టికీ క్లాసుల్లో చదువుతున్నారు. ఆయన హార్వర్డ్‌లో ఇంగ్లీషు సాహిత్యంలో డాక్టరేట్ తీసుకుని, ఆ తర్వాత ఇజ్రాయెల్లో యెషీవా, అంటే తాల్ముద్ పాఠశాల నడిపిన మనిషి. డార్ఫ్ జవాబు ఇంకా తెగువైనది. నీతి చట్టానికి బయట నిలబడి సలహాలిచ్చే చుట్టం కాదు, చట్టాన్ని చదివే ప్రతిసారీ, మలిచే ప్రతిసారీ అది లోపలే పనిచేయాలని ఆయన అంటారు. మా అమ్మాయి ప్రశ్నకి నా జవాబు కూడా దానికి దగ్గరగానే ఉంది. రవ్ జాలి అన్నట్టయితే, ఇవ్వడం ఇవ్వకపోవడం రబ్బా ఇష్టం. చట్టం అన్నాడు కాబట్టి హమాలీ తలెత్తుకుని కూలి తీసుకున్నాడు.

ఇంతవరకు చెప్పినవి సంప్రదాయం గర్వపడే పుటలు. సిగ్గుపడాల్సిన పుటలు వచ్చినప్పుడు ఏం చేస్తారన్నదే నమ్మకం ఉన్న అధ్యాపకుడికి అసలు పరీక్ష. 1995లో డార్ఫ్ కుటుంబ హింస మీద తీర్పు రాశారు. యూదుల ఇళ్లలో ఇలాంటివి జరగవని చెప్పుకుని సంతోషపడే అలవాటు ఆ సమాజంలోనూ ఉంది. మూల గ్రంథాలు తెరిస్తే ఆ సంతోషం నిలవదు. చేయాల్సిన ఇంటిపని చేయనన్న భార్యతో కొరడా దెబ్బలు కొట్టి అయినా చేయించవచ్చని రాసింది సాక్షాత్తూ మైమోనిడీస్. ఆడవాళ్లను కొరడాతో దండించడం తానెన్నడూ వినలేదని ఆయన సమకాలికుడు, ఫ్రాన్సుకి చెందిన రావద్ ఆ పక్కనే అభ్యంతరం రాశాడు. 13వ శతాబ్దపు జర్మనీలో రోథెన్‌బర్గ్ మెయిర్ అనే పండితుడు భార్యను కొట్టేవాడి మీద నిప్పులు కురిపించాడు. మైమోనిడీస్ మాటను డార్ఫ్ దాచలేదు. అలాంటి మాటలు సంప్రదాయంలో ఉన్నాయని ఒప్పుకుని, అవతలి పక్షం వాదాన్ని ఎత్తుకుని, భార్యనైనా పిల్లలనైనా ముసలి తల్లిదండ్రులనైనా కొట్టడం నిషిద్ధమని తీర్పు చెప్పారు.

బయటివాడైతే ఆ వాక్యాన్ని చూపించి "చూశారా" అని వెళ్లిపోవచ్చు. ఆ హక్కు అతనికి ఉంది. మనుస్మృతిని 1927లో మహద్‌లో అంబేడ్కర్ తగలబెట్టారు. ఆ పని న్యాయమైనదని నేను మనస్ఫూర్తిగా నమ్ముతాను. ఒక గ్రంథం చేత గాయపడ్డవాళ్లకి దాన్ని మరమ్మతు చేసే బాధ్యత ఎప్పుడూ లేదు. ఆ గ్రంథం పేరుతో గౌరవం, అధికారం అనుభవించినవాళ్లకి మాత్రం ఉంది. వాళ్లు చెప్పే పాఠంలో ఆ మరమ్మతు కనిపించాలి, దానికి ఎవరు ఒప్పుకోలేదో కూడా కనిపించాలి. మన దగ్గర లోటు సరిగ్గా ఇక్కడే. పీఠాల్లో కూర్చుని ధర్మం చెప్పేవాళ్లు తమ గ్రంథంలోని ఫలానా వాక్యం తప్పని రాతపూర్వకంగా సంతకం పెట్టిన సందర్భాల కోసం నేను వెతుకుతూనే ఉన్నాను.

2006 డిసెంబరు 6న న్యాయ కమిటీ ముందుకి స్వలింగ సంపర్కుల ప్రశ్న వచ్చింది. వాళ్లు రబ్బీలు కావచ్చా, వాళ్ల జంటలకి మతపరమైన వేడుక జరపొచ్చా? డార్ఫ్, డేనియల్ నెవిన్స్ కలిసి తయారుచేసిన తీర్పు మీద మూడో సంతకం ఎవరిదో చూస్తే నాకు ఒళ్లు పులకరించింది. పదహారేళ్ల కింద గొట్టం విషయంలో డార్ఫ్‌కి ఎదురు నిలిచిన అవ్రామ్ రైజ్నర్‌ది. మనిషి గౌరవం ఎంత గొప్పదంటే అది రబ్బీలు విధించిన నిషేధాలను పక్కకి నెట్టగలదన్న తాల్ముద్ సూత్రం వాళ్ల ఆధారం. మోషే ఐదు గ్రంథాలైన తోరాలోనే ఉందని తాము భావించిన ఒక్క నిషేధాన్ని, పురుషుల మధ్య ఒక రకం సంభోగాన్ని, అలాగే ఉంచి మిగతావన్నీ ఎత్తేశారు. ఆ మిగిల్చినది నాకు మింగుడుపడదు. గౌరవం పేరు చెప్పి ఇద్దరు మనుషుల పడకగదిలో గీత గీయడం గౌరవం కాదని నా అభిప్రాయం. అయినా వాళ్లు చట్టం లోపలే నిలబడి ఎంతదూరం రాగలరో అంతదూరం వచ్చారు, ఎక్కడ ఆగారో దాచకుండా రాశారు.

ఆ తీర్పుకి 13 ఓట్లు పడ్డాయి. పాత నిషేధం కొనసాగాలన్న జోయెల్ రాత్ తీర్పుకీ 13 ఓట్లే. ఓటర్లు ఇరవై ఐదు మంది అని గుర్తుంచుకుంటే, కనీసం ఒకరు రెండింటికీ ఓటేశారని అర్థమవుతుంది. రెండూ చెల్లాయి. ఆ వెంటనే రాత్‌తో సహా నలుగురు కమిటీకి రాజీనామా చేశారు. ఈ రాత్ ఎవరనుకుంటున్నారు? న్యూయార్క్ సెమినరీలో తాల్ముద్, చట్టం చెప్పిన ప్రొఫెసర్. ఆడవాళ్లు రబ్బీలు కావచ్చని వాదిస్తూ దారి చూపిన పత్రాల్లో ఒకటి ఆయనదే. 1983లో ఆ సెమినరీ అధ్యాపకులు 34-8 ఓట్లతో ఆడవాళ్లకి తలుపు తీశారు. అప్పుడు దాన్ని భరించలేక బయటికి వెళ్లిన వాళ్లలో డేవిడ్ వైస్ హలివ్ని ఉన్నారు. ఆయన నాజీల ఆష్విట్జ్ మరణశిబిరం నుంచి బతికి బయటపడిన మనిషి, తాల్ముద్ పొరలను విడదీసి చదవడంలో ఆ శతాబ్దపు దిగ్గజాల్లో ఒకరు. తనతో కలిసి ప్రార్థన చేసేవాళ్లతో తాను మాట్లాడలేనని, తనతో మాట్లాడగలిగినవాళ్లతో ప్రార్థన చేయలేనని ఆయన బాధపడ్డారు. చివరికి ప్రార్థన చేసేవాళ్ల వైపే నిలబడ్డారు.

నమ్మకం ఉన్నవాడు పాఠం చెబితే పక్షపాతం వస్తుందని భయపడే నా స్నేహితులకి నేను చూపించేది ఈ మనుషులనే. ఒక తలుపు తీసిన రాత్, తర్వాతి తలుపు దగ్గర ఆగిపోయారు. హలివ్ని మొదటి తలుపు దగ్గరే ఆగారు. డార్ఫ్ రెండూ దాటారు. ముగ్గురూ ఆ సెమినరీలో చదువుకున్నవాళ్లే, ముగ్గురూ నమ్మకస్థులే. నమ్మకం వాళ్లందరినీ ఒకే జవాబు వైపు తోయలేదు. చెప్పిన జవాబుకి మూల్యం చెల్లించేలా మాత్రం చేసింది.

నా వాదానికి అడ్డం తగిలే సంగతి ఒకటుంది, దాన్ని దాటేసి పోలేను. లండన్‌లో రబ్బీలను తయారు చేసే జ్యూస్ కాలేజీలో లూయీ జేకబ్స్ అనే గొప్ప పండితుడు 1959లో అధ్యాపకుడిగా చేరాడు. తర్వాతి ప్రిన్సిపాల్ ఆయనే అనుకున్నారు. తోరాలో మనుషుల చేయి కూడా ఉందని అంతకుముందు 1957లో ఆయన ఒక పుస్తకంలో రాసి ఉన్నాడు. 1961లో చీఫ్ రబ్బీ ఇజ్రాయెల్ బ్రోడీ ఆ నియామకానికి ఒప్పుకోలేదు. 1964లో ఆయన తన పాత సినగాగుకి, అంటే యూదుల ప్రార్థనామందిరానికి, రబ్బీగా తిరిగి వెళ్లబోతే అదీ సాగనివ్వలేదు. అనుచరులు ఆయన కోసం వేరే సినగాగు పెట్టుకున్నారు. 2005లో జ్యూయిష్ క్రానికల్ పత్రిక పాఠకులు బ్రిటన్ యూదులందరిలోకీ గొప్పవాడిగా ఎన్నుకున్నది ఈ జేకబ్స్‌నే. నాలుగు దశాబ్దాల తర్వాత వచ్చిన ఆ గౌరవం, పోయిన కుర్చీని తిరిగి ఇవ్వదు.

ఈ కథ చెప్పి "చూశావా, మతం చేతిలో క్లాసు పెడితే ఇదే గతి" అంటారు. నేను దాన్ని వేరేలా చదువుతాను. జేకబ్స్ కూడా నమ్మినవాడే, చచ్చేదాకా రబ్బీగానే ఉన్నాడు. ఆయన్ని దెబ్బతీసింది ఒక్కడి చేతిలో ఉన్న వీటో. లండన్‌లో ఒక సంతకంతో మనిషి భవిష్యత్తు తేలిపోయింది. కమిటీలో ఆరు ఓట్ల నియమం ఉన్నచోట అదే మనిషి బతికి బట్టకట్టేవాడు. అందుకే అధ్యాపకుడికి నమ్మకం ఉందా లేదా అని తరచి చూడటం మాని, అతనికి ఎదురు చెప్పేవాళ్లకి అదే భవనంలో జీతం అందుతోందా అని చూడమంటాను.

బయటి సమాజానికి దీనివల్ల ఏం ఒరిగిందంటే క్లుప్తంగా చెబుతాను. 1993లో హిల్లరీ క్లింటన్ నడిపిన ఆరోగ్య సంస్కరణల బృందంలో నీతి విషయాల ఉపసంఘంలో డార్ఫ్ పనిచేశారు. 1997లో క్లోనింగ్ మీద, 1999లో మూలకణాల పరిశోధన మీద అమెరికా అధ్యక్షుడి జీవనీతి కమిషన్ ముందు మాట్లాడారు. అమెరికాలో మతం అంటే పిండం మీద ఒకే ఒక అభిప్రాయం అన్నట్టు చర్చ సాగుతుంటుంది. మొదటి నలభై రోజుల పిండం నీటితో సమానమని తాల్ముద్ చెబుతుందని, రోగాన్ని నయం చేయడం దేవుడు మనిషికిచ్చిన పని అని అక్కడ నిలబడి చెప్పడానికి, ఆ పుటలతో రోజూ కుస్తీ పట్టేవాళ్లే కావాలి.

తెలుగు నేల మీద కూడా ఈ చట్టంతో ముడిపడిన మనుషులు ఉన్నారని చాలామందికి తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న యూదు సమాజం ఉంది. మాదిగ కుటుంబాల నుంచి వచ్చినవాళ్లు. సినగాగు కట్టుకుని, సబ్బాతు అనే విశ్రాంతిదినం పాటిస్తూ, హీబ్రూ నేర్చుకుంటున్నారు. వాళ్లు యూదులా కాదా అన్నది తేల్చేవాళ్లు వేల మైళ్ల దూరంలో ఉన్నారు, ఇజ్రాయెల్ నుంచి అధికారిక గుర్తింపు దక్కలేదు. లైబ్రరీలో ఈ ధర్మశాస్త్రం గురించి చదివే నాకు, అది తమ పిల్లల బతుకుని తేలుస్తుందని ఎదురుచూసే ఆ కుటుంబాలకి మధ్య ఎంత తేడా ఉందో ఆ ఊరు తలుచుకుంటే తెలుస్తుంది. చట్టం ఎవరి మీద పడుతుందో వాళ్ల ముఖం చూసి పాఠం చెప్పాలని నేను పట్టుబట్టేది అందుకే.

మన దగ్గర నీతి చదువు ఎలా ఉందో చూడండి. సివిల్స్‌లో 2013 నుంచి నీతి మీద 250 మార్కుల పేపరు పెట్టారు. హైదరాబాదు అశోక్‌నగర్‌లో దానికి మోడల్ ఆన్సర్లు అమ్ముతారు. ఎల్ఎల్‌బీలో వృత్తి నీతి తప్పనిసరి పేపరు. దానికీ గైడ్లు ఉన్నాయి. లంచం అడిగిన పై అధికారితో ఏం చేస్తావు అన్న ప్రశ్నకి పాతికమంది పిల్లలు ఒకే మాటల్లో ఒకే జవాబు రాస్తారు. ఏ ఒక్కరికీ ఆ జవాబుతో పని పడదు. పేపర్లు దిద్దే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఈ పిల్లలు తెలివితక్కువవాళ్లు కాదు. హమాలీల కథ చెబితే గంటసేపు కొట్టుకున్నది వీళ్లే.

అందుకని మా డిపార్ట్‌మెంట్‌లో ఒక ప్రతిపాదన పెట్టాను. ముస్లిం లా పేపరు చెప్పే సెమిస్టర్లో ఒక్క మధ్యాహ్నం, ఫత్వాలు రాసే ముఫ్తీని ఒకరిని పిలుద్దాం. హైదరాబాదు జామియా నిజామియాలో అలాంటివాళ్లు ఉన్నారు. ఆయన ఫత్వాతో ఏకీభవించని ముస్లిం మహిళా న్యాయవాదిని ఆ పక్క కుర్చీలోనే కూర్చోబెడదాం. హిందూ లాకి కూడా అలాగే, పీఠం తరఫున ధర్మం చెప్పే పండితుణ్ణి, ఆ ధర్మం చేత గాయపడ్డ కులం నుంచి వచ్చిన న్యాయవాదినీ. గొడవలవుతాయని, పేపర్లకెక్కుతుందని, అనవసరంగా టెన్షన్ ఎందుకని కొందరు వద్దన్నారు. ప్రిన్సిపాల్ ఇంకా ఏమీ తేల్చలేదు. తేల్చేదాకా అడుగుతూనే ఉంటాను. వచ్చినవాళ్లని అడగాల్సిన మొదటి ప్రశ్న కూడా పిల్లలతో కూర్చుని రాసిపెట్టాం: "మీరిచ్చిన ఏ తీర్పును తర్వాత మార్చుకున్నారు? ఎవరు వచ్చి మీ ఎదురుగా కూర్చుంటే మార్చుకున్నారు?"